స్ట్రీమింగ్ బాక్సు ఏది కొనాలి? మీ టీవీ మీదే పోల్చి తేల్చుకోవడం ఎలా

"ఫైర్ స్టిక్ కొనమంటారా, గూగుల్ టీవీ కొనమంటారా? యాపిల్ టీవీకి అంత డబ్బు పెట్టవచ్చా?" బెంగళూరులో మారతహళ్లి వైపు మా వీధిలో కొత్త కుటుంబం దిగిన ప్రతిసారీ నాకు ఈ ప్రశ్న తప్పదు. టీవీకి తగిలించి, నెట్ నుంచి సినిమాలు, చానళ్లు తెర మీదకు తెచ్చే చిన్న పరికరాలివి. స్టిక్ అయినా డబ్బా అయినా నేను బాక్సనే అంటాను. వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా బావమరిది అడిగాడు, నెల్లూరులో అమ్మానాన్నలకు ఒకటి పంపాలనుకున్న సహోద్యోగి అడిగారు, మా పాల దుకాణం ఆయన కూడా అడిగారు. ఒక పేరు చెప్పేసి ఊరుకుంటే నాకు సుఖమే. అలా చెప్పి ఒకసారి మాట పడ్డాను. నా మాట మీద ఒకాయన కొన్న బాక్సు వాళ్ల ఇంట్లో ఆగి ఆగి నడిచింది. వెళ్లి చూస్తే బాక్సులో ఏ లోపమూ లేదు, గోడకు అతుక్కున్న టీవీ వెనక వైఫై అందడం లేదు, అంతే.

అప్పటి నుంచి పేరు చెప్పడం మానేసి పద్ధతి చెబుతున్నాను. రెండు బాక్సులు ఎంచుకోండి. మీ టీవీకే, ఒకే పోర్టుకు, ఒకే సినిమాతో వాటిని పరీక్షించండి. ఒక శనివారం మధ్యాహ్నం చాలు.

కావలసినవి

- టీవీ మోడల్ నంబరు. వెనక స్టిక్కరు మీద ఉంటుంది. టీవీ గోడకు బిగించి ఉంటే ఫోను కెమెరాను సందులో పెట్టి ఫోటో తీయండి, మెడ తిప్పి చదవబోతే పట్టేస్తుంది.
- ఒక స్మార్ట్‌ఫోను. వేగం కొలవడానికి, స్టాప్‌వాచ్‌గా వాడుకోవడానికి.
- మీ చందాల జాబితా, వాటి పాస్‌వర్డులు. ఏ చందా ఎవరి నంబరు మీద ఉందో ముందే రాసుకోండి. ఓటీపీ కోసం ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోను చేస్తూ కూర్చుంటే పరీక్ష సాగదు.
- గోడ ప్లగ్గు లేదా మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఒక హెచ్‌డీఎంఐ కేబులు.
- నోటు పుస్తకం. జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. రెండో బాక్సు పెట్టేసరికి మొదటిది ఎలా ఉందో మరిచిపోతారు.

1. ముందు మీ టీవీ సంగతి తేల్చుకోండి

అసలు బాక్సు అవసరమా? మీ స్మార్ట్ టీవీ రెండు మూడేళ్ల లోపుదై, మీకు కావలసిన యాప్‌లన్నీ అందులో నడుస్తుంటే డబ్బు దాచుకోండి. నెమ్మదించిందనిపిస్తే వాడని యాప్‌లు తీసేసి, ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూడండి. టీవీ పాతబడి యాప్‌లు అప్‌డేట్ కావడం మానేసినా, రిమోటు నొక్కాక కదలడానికి క్షణాలు లెక్కపెట్టాల్సి వస్తున్నా, అప్పుడు బాక్సు అర్థవంతం.

తరువాత తెర రిజల్యూషన్ చూడండి. 32 అంగుళాల టీవీలు చాలావరకు హెచ్‌డీ రెడీ, అంటే 1366×768 చుక్కలవి. దానికి 4కే (3840×2160 చుక్కల) బాక్సు పెట్టినా బొమ్మలో తేడా రాదు. అయితే 4కే బాక్సుల్లో ప్రాసెసరు, మెమరీ మెరుగ్గా ఉంటాయి కాబట్టి మెనూలు చురుగ్గా కదులుతాయి. ఆ వేగం కోసం కొంటే కొనండి, బొమ్మ కోసం కొనవద్దు.

మీది 4కే టీవీ అయితే రెండు విషయాలు చూడాలి. మొదటిది హెచ్‌డీఎంఐ పోర్టు. 4కే బొమ్మ రావాలంటే పోర్టుకు హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ఉండాలి, కొన్ని పాత 4కే టీవీల్లో ఒక్క పోర్టుకే ఉంటుంది. రెండోది, చాలామంది వదిలేసేది: పోర్టుకు పూర్తి సామర్థ్యం ఇచ్చే సెట్టింగు టీవీలోనే ఉంటుంది, కొన్ని మోడళ్లలో కంపెనీ దాన్ని ఆపి ఉంచి పంపుతుంది. శాంసంగ్‌లో దాని పేరు ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్. ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్. సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ అని ఉంటుంది, దాన్ని ఎన్‌హాన్స్‌డ్‌కు మార్చాలి. ఇది మార్చకుండా "హెచ్‌డీఆర్ రావడం లేదు, బాక్సు బాగాలేదు" అని తిరిగి ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు. హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడలు, రంగులు మరింత బాగా చూపే పద్ధతి.

ఇంకొకటి. శాంసంగ్ టీవీలు హెచ్‌డీఆర్‌లో ఒక రకమైన డాల్బీ విజన్‌ను ఆడించవు. ఆ టీవీ ఉన్నవాళ్లు డాల్బీ విజన్ పేరు చూసి ఎక్కువ ధర పెట్టనక్కర లేదు.

హెచ్‌డీఎంఐ లేని పాత డబ్బా టీవీ అయితే మధ్యలో ఏవీ కన్వర్టరు పెట్టి నడిపించవచ్చు. బొమ్మ వస్తుంది గానీ మెనూలో అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. పెద్దవాళ్ల కోసమైతే ఆ ప్రయత్నం చేయకండి.

2. టీవీ ఉన్న చోట నెట్ వేగం కొలవండి

రూటరు పక్కన నిలబడి కొలిచిన వేగం పనికిరాదు. ఫోనును టీవీ వెనక్కి, బాక్సు ఉండబోయే చోటికి తీసుకువెళ్లి ఫాస్ట్ డాట్ కామ్‌లో కొలవండి. ఉదయం ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి. రాత్రి అంకెనే లెక్కలోకి తీసుకోండి, అపార్ట్‌మెంటు మొత్తం సినిమాలు చూసే సమయం అదే కదా.

ఎంత ఉండాలి? నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720 బొమ్మకు 3 ఎంబీపీఎస్, 1080కి 5, 4కేకి 15. 720, 1080 అంటే బొమ్మలో ఉండే అడ్డు వరుసల సంఖ్య. ఇంట్లో ఇంకొకరు ఆఫీసు మీటింగులో ఉంటారు కాబట్టి నేనైతే దానికి రెట్టింపు ఉండాలంటాను.

బెంగళూరు అద్దె ఇళ్లలో చిక్కు ఒకటుంది. ఫైబరు తీగ గుమ్మం దగ్గర చెప్పుల అర పైకి వచ్చి ఆగిపోతుంది. గోడకు రంధ్రం వేయడానికి ఇంటి యజమాని ఒప్పుకోరు. మా ఇంట్లోనూ అదే కథ. రూటరుకూ టీవీకీ మధ్య రెండు గోడలు, ఒక ఫ్రిజ్. అలాంటి చోట 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై దూరం చేరుతుంది గానీ పక్క ఫ్లాట్ల రూటర్లన్నీ అందులోనే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్‌జ్ వేగంగా ఉంటుంది గానీ గోడ దాటితే నీరసపడుతుంది. రెండింటికీ విడివిడిగా పేర్లు పెట్టి, టీవీ దగ్గర ఏది నిలకడగా ఉందో చూసి దానికే బాక్సును కలపండి. రెండూ కుదరకపోతే గోడ అంచు వెంట సన్నని లాన్ కేబులు లాగడం అన్నిటికన్నా మంచి మందు. అప్పుడు లాన్ సాకెట్టు ఉన్న బాక్సు కావాలి, లేదా స్టిక్‌కు విడిగా అడాప్టరు కొనాలి. ఈ ఒక్క విషయమే మీ ఎంపికను మార్చేయవచ్చు.

పీజీలో ఉండేవారికి: వైఫైకి బ్రౌజరులో లాగిన్ పేజీ వచ్చే చోట కొన్ని బాక్సులు మొండికేస్తాయి. కొనే ముందే అడిగి తెలుసుకోండి. ఫోను హాట్‌స్పాట్ మీద నడిపిద్దామనుకుంటే లెక్క వేసుకోండి, నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీ బొమ్మకు గంటకు 3 జీబీ వరకు, 4కేకి 7 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాకుతో సినిమాలో విశ్రాంతి వరకు కూడా చేరలేరు.

3. చందాలు, యాప్‌లు సరిచూసుకోండి

నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాను టీవీలో రాదు. బేసిక్ ప్లాను 720 వరకే, స్టాండర్డ్ 1080 వరకే. 4కే కావాలంటే ప్రీమియం ఉండాలి. బేసిక్ ప్లాను పెట్టుకుని 4కే బాక్సులను పోల్చడం వృథా శ్రమ. జియోహాట్‌స్టార్‌లోనూ మొబైల్ ప్లాను టీవీకి ఎక్కదు.

ప్రైమ్ వీడియో విషయంలో మరో లెక్క ఉంది. 2025 జనవరి నుంచి ఒక సభ్యత్వానికి 5 పరికరాలు, అందులో టీవీలు 2 మాత్రమే. ఇక్కడి హాల్లో ఒకటి, ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఒకటి ఉంటే కోటా అయిపోయినట్టే. పడకగదికి మూడో బాక్సు కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇక మన యాప్‌లు: ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5. ఫోనులో ఉందంటే టీవీలో ఉందని కాదు. యాపిల్ టీవీకైతే ఐఫోను యాప్ స్టోరులో ఆ యాప్ పేజీ కిందికి వెళ్లి, అది నడిచే పరికరాల్లో యాపిల్ టీవీ ఉందేమో చూడండి. ఫైర్ టీవీకి అమెజాన్ యాప్ స్టోరులో, గూగుల్ టీవీకి ప్లే స్టోరులో టీవీ విభాగంలో వెతకండి. ఇంట్లో వాడే ప్రతి యాప్ పేరు పక్కనా టిక్కు పడాలి. ఒక్కటి లేకపోయినా, ఆ ఒక్కటే అత్తయ్యగారు రోజూ చూసేది అవుతుంది.

4. జాబితాను రెండుకు కుదించండి

బజారులో దొరికేవి నాలుగు జాతులు.

ఫైర్ టీవీ స్టిక్‌లు: ధర అందుబాటులో ఉంటుంది, యాప్‌లు దాదాపు అన్నీ దొరుకుతాయి, రిమోటు తేలిక. విసుగు ఏమిటంటే తెర తెరవగానే సగం ప్రకటనలే. పాత లైట్ మోడల్ రిమోటుకు టీవీ శబ్దం పెంచే బటన్లు లేవు, అంటే టీపాయ్ మీద ఎప్పుడూ రెండు రిమోట్లు. ఎవరైనా పాతది తక్కువకు ఇస్తామంటే ఇది చూసుకోండి. 4కే మ్యాక్స్ రెండో తరానికి 16 జీబీ నిల్వ ఉంది, మిగతా స్టిక్‌లు ఎక్కువగా 8 జీబీవి, అందులో చాలా భాగాన్ని దాని సొంత సాఫ్ట్‌వేరే తినేస్తుంది. 2025లో వచ్చిన 4కే సెలెక్ట్ మాత్రం ఆండ్రాయిడ్ మీద కాక వేగా ఓఎస్ అనే వేరే వ్యవస్థ మీద నడుస్తుంది. బయటి నుంచి ఆండ్రాయిడ్ యాప్ తెచ్చి ఎక్కించుకునే అలవాటు ఉన్నవారికి అది కుదరదు.

గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ రకం: షియోమీ వంటి కంపెనీల స్టిక్‌లు, బాక్సులు. ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లైతే ఫోనులోది టీవీకి పంపడం ఇందులో సులువు. యూట్యూబ్ ఎక్కువ చూసే ఇంటికి నేను మొదట ఇదే సూచిస్తాను. గూగుల్ తన క్రోమ్‌కాస్ట్ తయారీని 2024 ఆగస్టులో ఆపేసింది, దుకాణంలో ఇప్పుడు కనిపించేది మిగిలిన సరుకు. తక్కువకు వస్తే సరే, కొత్తది అనుకుని పూర్తి ధర పెట్టవద్దు.

యాపిల్ టీవీ 4కే: మూడో తరం 2022లో 14,900, 16,900 రూపాయల ధరలతో వచ్చింది. ఖరీదైన 128 జీబీ రకానికే లాన్ సాకెట్టు ఉంటుంది. పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబులు ఉండదు. అంత ధర పెట్టి కేబులు కోసం మళ్లీ దుకాణానికి వెళ్లడం ఏమి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ ప్రకటనల గోల లేని తెర, ఏళ్లు గడిచినా తగ్గని వేగం దీని సొత్తు. ఇంట్లో ఐఫోన్లు ఉంటే, నాలుగైదేళ్లు వాడే ఉద్దేశం ఉంటే ఆలోచించండి. ఐఫోను లేని ఇంటికి నేను చెప్పను.

నెట్ కంపెనీలు ఇచ్చే బాక్సులు: ఎయిర్‌టెల్, జియో, యాక్ట్ వంటివారివి. చానళ్లూ యాప్‌లూ ఒకే రిమోటుతో వస్తాయి. అయితే కంపెనీ ఇచ్చే బాక్సు చాలావరకు ఆ కనెక్షన్‌కే కట్టుబడి ఉంటుంది. ఇక్కడ 11 నెలల అద్దె ఒప్పందం ముగిశాక ఇల్లు మారితే, కొత్త భవనానికి ఆ కంపెనీ తీగ రాకపోవచ్చు. సొంత ఇల్లున్నవారు చూడవచ్చు, అద్దె ఇళ్లవారు జాగ్రత్త.

ఈ నాలుగింటిలో మీ ఇంటికి సరిపోని రెంటిని ఇక్కడే కొట్టేయండి.

5. పరీక్షకు తెచ్చుకోవడం

రెండూ కొనక్కర లేదు. ఒకటి కొని, రెండోదాన్ని తెలిసినవాళ్ల దగ్గర శుక్రవారం సాయంత్రం తెచ్చుకుని సోమవారం ఇచ్చేయండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే నిబంధన ముందే చదవండి. ఎలక్ట్రానిక్ వస్తువులకు చాలాసార్లు డబ్బు వెనక్కి రాదు, పాడైతే మార్చి ఇవ్వడమే.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డుకు వెళ్తే పేరు లేని ఆండ్రాయిడ్ బాక్సు ఒకటి తప్పకుండా చేతిలో పెడతారు. "అన్ని చానళ్లూ ఉచితం సార్, చందా అక్కరలేదు" అంటారు. వద్దు. అవి చాలావరకు టీవీ కోసం చేసిన ఆండ్రాయిడ్‌తో కాక ఫోను ఆండ్రాయిడ్‌తో నడుస్తాయి. నెట్‌ఫ్లిక్స్ ధ్రువీకరణ లేనందున పెద్ద తెర మీద మసక బొమ్మ చూపిస్తాయి. అసలు ప్రమాదం ఇంకోటి. డాక్టర్ వెబ్ అనే భద్రతా సంస్థ 2024 సెప్టెంబరులో 197 దేశాల్లో సుమారు 13 లక్షల ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో వో1డీ అనే హానికర సాఫ్ట్‌వేరును కనుగొంది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా ఇలాంటి పరికరాల గురించి హెచ్చరిక ఇచ్చింది. మీ బ్యాంకు లావాదేవీలు నడిచే వైఫైలోకే దాన్ని తెచ్చుకుంటున్నారని మరిచిపోకండి.

6. బిగించడం

స్టిక్‌ను నేరుగా టీవీలోకి గుచ్చవద్దు. పెట్టెలో వచ్చే చిన్న ఎక్స్‌టెండర్ కేబులుతో దాన్ని టీవీ వెనక నుంచి కాస్త పక్కకు తెండి. టీవీ వెనక లోహపు రేకు వైఫైని అడ్డుకుంటుంది, వేడి కూడా అక్కడే చేరుతుంది. మొదట చెప్పిన ఆయన ఇంట్లో నేను చేసిన మరమ్మతు ఇంతే: అరచేయి పొడవు కేబులు.

కరెంటు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచి తీసుకోవద్దు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. స్టిక్‌తో వచ్చే అడాప్టరు దానికి దాదాపు రెట్టింపు ఇస్తుంది. కరెంటు చాలకపోతే సినిమా మధ్యలో బాక్సు తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. పైగా టీవీ ఆపిన ప్రతిసారీ బాక్సు కూడా ఆరిపోయి, మర్నాడు మొదటి నుంచి లేవాలి. పెట్టెలో వచ్చిన అడాప్టరును గోడ ప్లగ్గుకే పెట్టండి.

సౌండ్‌బార్ ఉంటే దాన్ని టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టుకు, బాక్సును మరో పోర్టుకు పెట్టండి. రెండు బాక్సులనూ మార్చి మార్చి ఒకే పోర్టులో పరీక్షించండి. టీవీలు బొమ్మ రంగులను పోర్టు వారీగా గుర్తుపెట్టుకుంటాయి. వేర్వేరు పోర్టుల్లో పెడితే మీరు పోల్చేది బాక్సులను కాదు, టీవీ సెట్టింగులను.

7. రెండింటికీ ఒకే సెట్టింగులు

- సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు పూర్తయ్యాక అరగంట వదిలేయండి. మొదటి అరగంట ఏ బాక్సయినా బద్ధకంగానే ఉంటుంది, వెనక యాప్‌లు దిగుతుంటాయి.
- ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు) సరిపోల్చే సెట్టింగు ఆన్ చేయండి. ఫైర్ టీవీలో డిస్‌ప్లే అండ్ సౌండ్స్ లోపల డిస్‌ప్లేలో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్. యాపిల్‌లో వీడియో అండ్ ఆడియోలో మ్యాచ్ కంటెంట్.
- శబ్దం రాకపోయినా, మాట పెదవుల కన్నా వెనకబడినా ఆడియోను పీసీఎంకు (డాల్బీ లేని సాదా శబ్దానికి) మార్చి చూడండి. కొన్ని పాత టీవీలకు డాల్బీ అర్థం కాదు.
- ప్రకటన వీడియోలు వాటంతటవే ఆడకుండా చేయండి. ఫైర్ టీవీలో ప్రిఫరెన్సెస్, ఫీచర్డ్ కంటెంట్. గూగుల్ టీవీలో ఖాతా సెట్టింగుల్లో యాప్స్ ఓన్లీ మోడ్.
- కొనుగోళ్లకు పిన్ను పెట్టండి. పిల్లల వేళ్లకు హద్దు ఉండదు.

8. పక్కపక్కన పరీక్ష

నోటు పుస్తకంలో రెండు గళ్లు గీయండి. ఈ క్రమంలో నడవండి.

మొదట లేచే సమయం. ప్లగ్గు తీసి, పది సెకన్లు ఆగి మళ్లీ పెట్టి, హోమ్ తెర వచ్చేవరకు కొలవండి. దీనికేమిటి అంత ప్రాధాన్యం అనుకోవద్దు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు కొన్ని క్షణాలు చీకటి. బెంగళూరు, హైదరాబాదు మ్యాచ్ చివరి ఓవర్లో అది జరిగితే బాక్సు లేచే ప్రతి క్షణమూ మీకు గంటలా ఉంటుంది. రూటరు మళ్లీ లేవడానికి పట్టే సమయం వేరే. దానికి చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

తరువాత యాప్ నుంచి యాప్‌కు. యూట్యూబ్, జియోహాట్‌స్టార్, నెట్‌ఫ్లిక్స్, ఆహా వరుసగా తెరిచి, తిరిగి యూట్యూబ్‌కు రండి. ఇందాక ఆపిన చోటే ఉందా, మళ్లీ మొదటి నుంచి తెరుచుకుందా? మొదటి నుంచి వస్తే మెమరీ చాలడం లేదని అర్థం. ఏడాది తరువాత ఇంకా నెమ్మదిస్తుంది.

మూడోది నాకు ఇష్టమైన పరీక్ష. యూట్యూబ్‌లో ఏదైనా తెలుగు వార్తా చానల్ ప్రత్యక్ష ప్రసారం పెట్టండి. తెర అడుగున పరుగెత్తే అక్షరాల మీదే చూపు నిలపండి. నూనె మీద జారినట్టు పోతున్నాయా, చిన్న చిన్న కుదుపులతో పోతున్నాయా? మన టీవీ ప్రసారం సెకనుకు 25 బొమ్మల లెక్క. బాక్సులు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి 60 హెర్ట్‌జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ పంపేలా వస్తాయి. 60ని 25 భాగించలేదు కాబట్టి కొన్ని బొమ్మలు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనిపిస్తాయి. అదే ఆ కుదుపు. బాక్సును 50 హెర్ట్‌జ్‌కు మార్చి మళ్లీ చూడండి, ప్రతి బొమ్మా సరిగ్గా రెండుసార్లే వస్తుంది. వార్తలూ క్రికెట్టూ ఎక్కువ చూసే ఇంటికి 50 అలాగే ఉంచేయండి. సినిమాలు సెకనుకు 24 బొమ్మలవి, వాటి కోసం పై ఫ్రేమ్ రేట్ సెట్టింగు ఉంది. అది అన్ని యాప్‌లలోనూ పని చేయదు, మీరు వాడే యాప్‌లో తెర ఒక క్షణం నల్లబడి మారుతోందేమో గమనించండి.

నాలుగోది అసలు బొమ్మ నాణ్యత. టీవీ రిమోటులో ఇన్‌ఫో నొక్కి "2160 వస్తోంది" అని సంబరపడవద్దు. బాక్సు 480 బొమ్మనైనా సాగదీసి 2160గా పంపుతుంది, టీవీ చెప్పేది ఆ పంపిన అంకె మాత్రమే. నిజం తెలియాలంటే యూట్యూబ్ వీడియో సెట్టింగుల్లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. అసలు రిజల్యూషన్, మధ్యలో జారిపోయిన ఫ్రేముల సంఖ్య కనిపిస్తాయి. జారిన ఫ్రేముల అంకె ఆగకుండా పెరుగుతుంటే బాక్సుకు ఆ వీడియో బరువైపోయిందని అర్థం. నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా వివరాల పక్కన అల్ట్రా హెచ్‌డీ గుర్తు ఉందో లేదో చూడండి. ఫైర్ ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారంగా నడిచే) స్టిక్‌లలో రిమోటు మధ్య బటన్, కింది బాణం కలిపి ఐదు సెకన్లు నొక్కి వదిలి, మూడు గీతల బటన్ నొక్కితే డెవలపర్ టూల్స్ వస్తాయి. అందులో సిస్టమ్ ఎక్స్‌రే ఆన్ చేస్తే బొమ్మ వివరాలు తెర మీదే కనిపిస్తాయి.

చివరిది చీకటి సన్నివేశం. లైట్లు ఆర్పి, ఒకే సినిమాలో ఒకే రాత్రి సన్నివేశాన్ని రెండు బాక్సుల్లో చూడండి. నలుపులో చదరాలు చదరాలుగా మచ్చలు కనిపిస్తే ముందు నెట్ వేగం చూడండి, తరువాతే బాక్సును అనుమానించండి.

క్రికెట్‌లో పక్కింటివాళ్లు మీకన్నా ముందే అరుస్తున్నారా? అది చాలావరకు బాక్సు తప్పు కాదు. డీటీహెచ్ కన్నా స్ట్రీమింగ్ వెనకబడి ఉంటుంది. కిటికీ మూసుకోవడమే మార్గం.

9. రిమోటును ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఇవ్వండి

ఇది దాటవేయకండి. ఏమీ చెప్పకుండా మూడు పనులు అడగండి: టీవీ ఆన్ చేయడం, వార్తలు పెట్టడం, శబ్దం తగ్గించడం. మా ఇంట్లో అంకెలన్నిట్లో నెగ్గిన బాక్సు ఈ పరీక్షలో ఓడిపోయింది. మా అత్తయ్యగారు రిమోటును తిప్పి తిప్పి చూసి, "ఇందులో పైన ఏది, కింద ఏది బాబూ?" అన్నారు. బటన్లన్నీ ఒకే రంగు, పైగా తాకితే కదిలే పలక. ఆవిడ శబ్దం తగ్గించబోయిన ప్రతిసారీ సినిమా పది క్షణాలు వెనక్కి పోయింది. రెండో బాక్సు రిమోటును ముప్పై క్షణాల్లో నేర్చుకున్నారు. మేము రెండోదే ఉంచుకున్నాం.

మాటతో వెతకడం కూడా వారితోనే చేయించండి. అలెక్సా మన దేశంలో ఇంగ్లిషు, హిందీలలోనే వింటుంది. తెలుగు సినిమా పేరు పట్టుకుంటుంది గానీ, "నిన్నటి వంటల కార్యక్రమం పెట్టు" అంటే తెల్లమొహం వేస్తుంది. మీ ఇంట్లో నిజంగా అనే మాటలనే అనిపించి చూడండి.

టీవీలో హెచ్‌డీఎంఐ సీఈసీని ఆన్ చేస్తే ఒకే రిమోటుతో రెండూ ఆన్ అవుతాయి. శాంసంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్.

10. వద్దనుకున్నదాన్ని వదిలించుకోవడం

తెచ్చుకున్న బాక్సును అలాగే తిరిగి ఇచ్చేయవద్దు. ముందు ఒక్కొక్క యాప్‌లో సైన్ అవుట్ అవ్వండి, తరువాత ఖాతాను తొలగించండి. ఫైర్ టీవీలో ఖాతా సెట్టింగుల్లో డీరిజిస్టర్ అని ఉంటుంది. ఆ తరువాతే ఫ్యాక్టరీ రీసెట్. ఇంటికి వచ్చాక ఫోనులో ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్ ఖాతాల పరికరాల జాబితా తెరిచి ఆ పేరు పోయిందో లేదో చూడండి. పోకపోతే అక్కడి నుంచే తీసేయండి, లేదంటే మీ రెండు టీవీల కోటాలో ఒకటి స్నేహితుడి హాల్లో కూర్చుంటుంది. దుకాణానికి తిరిగి ఇస్తుంటే ఎక్స్‌టెండర్ కేబులు, బ్యాటరీలు, అడాప్టరు అన్నీ పెట్టెలో పెట్టి, మూత వేసే ముందు ఒక ఫోటో తీసుకోండి.